టాప్ లైట్ కింద మనిషి: ఒక లైట్‌మ్యాన్ కేస్ స్టడీ

ఆయనకి 51 ఏళ్లు. సొంతూరు నెల్లూరు వైపు పల్లె. 17 ఏళ్లకి రైలెక్కి మద్రాసు వచ్చి, కోడంబాక్కం స్టూడియోల్లో కేబుళ్లు చుట్టడంతో మొదలుపెట్టి లైట్‌మ్యాన్ అయ్యారు. తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్లిపోయినప్పుడు తోటివాళ్లు చాలామంది సర్దుకుని పోయారు, ఈయన పోలేదు. తమిళ సినిమాలు, ఆ తర్వాత సీరియళ్లు. కాపురం సాలిగ్రామంలో, ఒక గది, ఒక వంటిల్లు. భార్య వీధి మొదట్లో ఇడ్లీ, దోసె బండి నడుపుతారు. ఒక్కతే కూతురు, డిగ్రీ చివరి ఏడాది.

నేను చెన్నైలో మద్యం మానిపించే ఒక వార్డులో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. తెలుగు మాట్లాడే పేషెంట్ల ఫైళ్లు నా టేబుల్ మీదికే వస్తాయి. ఈయన సెట్లో ముప్పై ఏళ్లు తమిళమే మాట్లాడిన మనిషి. కానీ తాగుడు మాట ఎత్తితే చాలు, తెలుగులోకి దిగిపోయేవారు.

పేరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాసింది ఆయనకీ, ఆయన భార్యకీ చదివి వినిపించాను. రెండు చోట్ల ఆమె సరిచేశారు. ఒకచోట ఆయన "ఇది తీసెయ్యమ్మా" అన్నారు, తీసేశాను.

రోజుకి రెండు క్వార్టర్లు, పదేళ్లకి పైగా. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం సరుకైతే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన దగ్గర స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాములు, అంటే ఈయన రోజుకి పన్నెండు డ్రింకులు. ఆయన లెక్క మాత్రం వేరు. "నేను కటింగే వేస్తానమ్మా" అనేవారు. కటింగ్ అంటే ఒక క్వార్టర్‌ని ఇద్దరు పంచుకోవడం. రోజుకి నాలుగు కటింగులంటే రెండు క్వార్టర్లే కదా బాబాయ్ అంటే నవ్వి ఊరుకునేవారు. తాగుడు ఎంత ముదిరిందో కొలిచే ఆడిట్ ప్రశ్నావళిలో 40కి 29 వచ్చింది. 20 వస్తేనే డిపెండెన్స్, అంటే తాగుడుకి బానిసయ్యారని అనుమానించాలి.

"తాగుబోతంటే రోడ్డు మీద పడేవోడు. నేను ఒక్క కాల్‌షీట్ మిస్ కాలా." మూడు అడ్మిషన్లలోనూ ఇదే మాట. అబద్ధం కూడా కాదు, నిజంగానే ఆయన పని ఎగ్గొట్టలేదు.

వీడియో

మూడోసారి చేరినప్పుడు తొమ్మిదో రోజున భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాను. ఆమె కొంగులోంచి ఫోన్ తీసి, "నేను చెప్తే నమ్మడు, మీరే చూపించండి" అన్నారు. 1 నిమిషం 40 సెకన్ల వీడియో. మెట్రో వాటర్ బిందెల పక్కన నేల మీద ఆయన, పక్కకి తొలగిన లుంగీ, వెనక నుంచి కూతురి ఏడుపు. నేను చూపించాను. తిరుగులేని సాక్ష్యం ముందు పెడితే మనిషి ఒప్పుకుంటాడని ఆ క్షణాన నాకు గట్టిగా అనిపించింది. ఇప్పటికి వందమందికి పైగా పేషెంట్లని చూసిన నాకు అలా అనిపించకూడదు.

ఆయన రెప్ప వేయకుండా మొత్తం చూశారు. "లైటింగ్ బాగలేదు" అన్నారు. మేమిద్దరం నవ్వలేదు. మర్నాడు పొద్దున డిశ్చార్జ్ కావాలని రాసిచ్చారు. తనంతట తానుగా చేరిన పేషెంటు వెళ్తానంటే ఆపడానికి మా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. వెళ్లిపోయారు.

నాకు తెలియని విషయమేమీ కాదు ఇది. తాగినప్పుడు వీడియో తీసి, మత్తు దిగాక అదే మనిషికి చూపించే పద్ధతిని అమెరికాలో 1970ల మొదట్లోనే ప్రయత్నించారు. మనుషులు నలిగిపోయారు తప్ప తాగుడు తగ్గలేదు. నిలదీస్తే పేషెంటు ఇంకా బిగుసుకుంటాడని విలియం మిల్లర్ 1983లో రాసిన దాని మీదే, మారాలన్న మాట పేషెంటు నోటే వచ్చేలా మాట్లాడించే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి మొత్తం నిలబడింది. దాన్ని నేను కొత్తగా చేరిన వాళ్లకి క్లాసులో చెబుతాను కూడా.

19 రోజుల తర్వాత ఆయన తిరిగొచ్చారు. ఈసారి పొట్ట నిండా నీరు. ముందు వేరే చోట లివర్ డాక్టర్లు నాలుగు లీటర్లు తీసి, సిర్రోసిస్ అని తేల్చి, తాగుడు మానకపోతే ఇక చేసేదేమీ లేదని చెప్పి మా దగ్గరికి పంపారు. బిలిరుబిన్ 2.6, ఆల్బుమిన్ 2.9, ఐఎన్‌ఆర్ 1.6. సిర్రోసిస్ ఎంత ముదిరిందో చెప్పే చైల్డ్-ప్యూ స్కోరు 9, అంటే బి క్లాసు చివరి మెట్టు. 10 అయితే సి, అన్నిటికంటే ముదిరినది. విత్‌డ్రాయల్‌కి, అంటే తాగుడు ఆపగానే వచ్చే బాధలకి, లోరాజెపామ్ ఇచ్చారు, చెడిన లివర్ మీద మిగతా వాటికంటే అది తక్కువ భారం వేస్తుంది. థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఎటూ తప్పవు. తాగితే ఒంటికి పడకుండా చేసే మందు డైసల్ఫిరామ్, ఆ లివర్‌తో దాని మాట ఎత్తే పని లేదు, అందుకని కోరిక తగ్గడానికి బాక్లోఫెన్ మొదలుపెట్టారు. ఈ మందు మళ్లీ కథలోకి వస్తుంది.

ట్యూబ్ లైటు

నా గదిలో కిటికీ ఉంది కానీ నేను దానికి వీపు పెట్టి కూర్చుంటాను. పేషెంటు కుర్చీ సరిగ్గా ట్యూబ్ లైటు కింద. నాలుగో అడ్మిషన్‌లో మొదటిసారి గదిలోకి వచ్చిన రోజు ఆయన కూర్చోలేదు. పైకి చూసి, కుర్చీని లాక్కుని కిటికీ పక్కన వేసుకున్నారు.

"దీని కింద కూచోబెడితే ఎవడైనా జబ్బు మనిషి లాగే కనపడతాడమ్మా. టాప్ లైట్ ఇది. కళ్ల గుంటల్లో నీడ పడద్ది. మేం విలన్‌కి కొడతాం."

కాసేపు ఆగి, "ఆ వీడియో కూడా టాప్ లైటే" అన్నారు.

లైటింగ్ బాగలేదన్నది వెటకారం కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆయన నిజంగానే అదే చూశారు. ముప్పై ఏళ్లు ఇతరుల మొహాలు ఎలా కనబడాలో నిర్ణయించిన చేతులు అవి. తన మొహం మాత్రం వంటింటి బల్బు కింద, ఎవరో పట్టుకున్న ఫోనులో, తనకి తెలియకుండా.

ఫొటోలతో పనిచేద్దామని అప్పుడే అనుకున్నాను. ఇది నా కొత్త ఆలోచనేమీ కాదు. 1990ల్లో కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ చైనాలోని యున్నాన్ పల్లెల్లో ఆడవాళ్ల చేతికి కెమెరాలిచ్చి, మీ ఆరోగ్యం, మీ పని, మీ కష్టం మీరే తీసి చూపించండి అన్నారు. ఫొటోవాయిస్ అని దానికి పేరు. వార్డుల్లో గ్రూపులతో ఆ పద్ధతి వాడటం చూశాను. ఒక్క మనిషితో, ఇంత జబ్బు మనిషితో నేను వాడటం ఇదే మొదలు. దీన్ని మందులకి బదులుగా వాడలేదు, మందుల పక్కన వాడాను.

ఆయన భార్య తన పాత ఫోను, మూల పగిలింది, ఆయనకి ఇచ్చారు. వార్డులోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి అది నా బీరువాలో ఉండేది. రోజూ సాయంత్రం ఒక గంట, మేడ మీద. షరతులు ఇద్దరం కలిసి రాసుకున్నాం. వారానికి పన్నెండు ఫొటోలు, అంతకు మించొద్దు. ఏదీ డిలీట్ చేయొద్దు. వేరే పేషెంట్ల మొహాలు తీయొద్దు. సీసా, షాపు, బార్ జోలికి పోవద్దు, అవి చూస్తేనే కోరిక లేస్తుంది కాబట్టి. ఫొటోవాయిస్‌లో ప్రతి బొమ్మకీ అడిగే ప్రశ్నలు ఐదున్నాయి. రెండు వారాలు అడిగి మానేశాను, ఆయన పరీక్ష రాస్తున్నట్టు జవాబులు చెప్పేవారు. ఒక్కటే ప్రశ్న మిగుల్చుకున్నాను: ఫ్రేమ్ బయట ఏముంది?

మొదటి పన్నెండు ఫొటోల్లో మనుషులే లేరు. గోడ మీద ఎండ, నీళ్ల ట్యాంకు నీడ, బట్టల తీగ. నిజం చెప్పొద్దూ, నాకు విసుగొచ్చింది. ఆయన మాత్రం ఒక్కొక్కదాని మీద పది నిమిషాలు మాట్లాడారు, ఐదున్నర ఎండకీ ఆరు ఎండకీ తేడా ఏమిటో. ఆ రోజే ఆయనకి నాన్ గోల్డిన్ గురించి చెప్పాను. అమెరికా ఫొటోగ్రాఫర్. తన స్నేహితుల్నీ, తన ప్రేమల్నీ, మత్తుమందుల్నీ ఏళ్ల తరబడి ఫొటోలు తీసింది. 1988లో మత్తు మానడానికి క్లినిక్‌లో చేరి, అక్కడ తన ఫొటోలు తనే తీసుకుంటూ పగటి వెలుతురు కనిపెట్టింది. అంతకుముందు అంతా రాత్రులు, ఫ్లాష్.

"అన్నేళ్లూ ఫ్లాషేనా? మొహాలు చప్పగా వచ్చుంటాయి గదమ్మా" అన్నారు. ఇంకేం అడగలేదు. కానీ మర్నాటి ఫొటోలో మొదటిసారి మనిషి కనపడ్డాడు. మేడ మీద గోడకి ఆనుకున్న ఆయన నీడ, పొట్టతో సహా.

గ్యాలరీలో ఆ ఫొటోలన్నిటికీ పైన ఒక చిన్న చదరం ఉంది. మూడో వారంలో గమనించాను. అదే వీడియో. ఇన్నాళ్లూ అదే ఫోన్లో, ప్రతిరోజూ దాన్ని దాటుకుంటూ ఈయన తన ఫొటోలు వెతుక్కుంటున్నారు. నా గుండె జారింది. తీసేద్దామా అని అడిగాను. "అది నేను తీసింది కాదు గదమ్మా, తీసెయ్యడానికి" అన్నారు.

కిటికీ కడ్డీలు

డిశ్చార్జ్ అయ్యాక వారానికొకసారి ఓపీకి వచ్చేవారు. లివర్ డాక్టర్లు చెప్పింది స్పష్టం: ఒంట్లో నీరు తగ్గించే స్పైరోనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ మాత్రలు, రోజుకి మొత్తం మీద 5 గ్రాములకి మించని ఉప్పు, రోజూ బరువు. నెల్లూరు మనిషికి ఊరగాయ వద్దు, ఎండుచేపలు వద్దు అని చెప్పడం ఎంత తేలికో, వినిపించడం అంత కష్టం. డైటీషియన్ చార్టు ఫ్రిజ్ మీద అతికించి ఉంది. దాని పక్కనే ఆవకాయ జాడీ.

ఒకరోజు ఆయన ఆరు ఫొటోలు తెచ్చారు, ఆరూ ఒక్కలాగే ఉన్నాయి. ఇంట్లో కిటికీ ముందు పక్కకి తిరిగి నిలబడ్డ మనిషి, వెనక నుంచి పొద్దుటి వెలుతురు, మొహం కనబడదు, పొట్ట అంచు మాత్రం గీత గీసినట్టు నల్లగా. ఎలా తీశారో చూడ్డానికి నేను ఇంటికెళ్లాను. నేల మీద నల్ల ఇన్సులేషన్ టేపుతో రెండు గుర్తులు, ఆయన పాదాలకి. ఎదురుగా స్టూలు, దాని మీద ఫోన్‌కి ఇంకో గుర్తు. సెట్లో ఆర్టిస్టు నిలబడాల్సిన చోట పెట్టే మార్కింగే అది. టైమర్ పది సెకన్లు. రోజూ 6:45కి, భార్య రెండో వాయి ఇడ్లీలు దించే వేళకి.

కిటికీకి నిలువు కడ్డీలున్నాయి. పొట్ట అంచు ఏ కడ్డీ దగ్గర ఆగిందన్నదే కొలత. మొదటి రోజు మూడో కడ్డీ. మాత్రలు పనిచేసేకొద్దీ రెండున్నర, రెండు. బంధువుల ఇంట్లో పెళ్లికెళ్లి వచ్చిన మూడో రోజు మళ్లీ మూడు. బరువు చూస్తే 1.8 కిలోలు పెరిగారు. "ఎండుచేపల పులుసు" అని ఆయనే చెప్పారు, ఎవరూ అడక్కముందే. ఆ తర్వాత జాడీ ఫ్రిజ్ మీంచి పక్కింటికి వెళ్లింది. లివర్ డాక్టర్ కూడా మూడో నెలకి "ఎన్ని కడ్డీలు?" అని అడగడం మొదలుపెట్టారు.

బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జో స్పెన్స్‌కి 1982లో రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. ఆపరేషన్‌కి ముందు తన రొమ్ము మీద 'జో స్పెన్స్ సొత్తు' అని పెన్నుతో రాసుకుని, చివర ఒక ప్రశ్నార్థకం పెట్టి ఫొటో తీయించుకుంది. నాకు ఎప్పుడూ ఆ ప్రశ్నార్థకమే గుర్తొస్తుంది. ఆసుపత్రిలో చేరిన ఒళ్లు ఎవరిది? ఈయన పొట్టని స్కానింగ్‌లో చూశారు, సూది గుచ్చి చూశారు, టేపు పెట్టి కొలిచారు. కడ్డీల లెక్క మాత్రం ఆయనది.

చోటు ఆపిన చెప్పులు

ఏడో వారం, మే నెల. ఆయన కాళ్లకి చెప్పుల్లేకుండా ఓపీకి వచ్చారు. అరికాళ్లు బొబ్బలు. చెప్పండి బాబాయ్ అంటే ఫోన్ తీసి ముందు పెట్టారు.

టాస్మాక్ షాపు, అంటే ప్రభుత్వ మద్యం దుకాణం. తమిళనాడులో అవి మధ్యాహ్నం 12కి తెరుస్తారు. షట్టర్ సగం లేచి ఉంది. కెమెరా బాగా కిందికి పెట్టి తీశారు, మోకాళ్ల పైన ఎవరూ కనబడరు. వరసగా కాళ్లు. ఒకాయన ప్యాంటు మడిచి ఉంది, ఒకాయన లుంగీ, ఒకాయన ఆఫీసు బూట్లు. ఎండ నెత్తి మీద ఉంది కాబట్టి ప్రతి జత కాళ్ల కిందా చిన్న నల్ల మరక లాంటి నీడ. వరస మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో ఒక జత నీలం హవాయి చెప్పులు. కాళ్లు లేవు.

షాపు తీయొద్దన్నది షరతు. కోప్పడాలా వద్దా అన్నది తేల్చుకునేలోపే ఆయన చెప్పడం మొదలుపెట్టారు.

"లైన్లో నిలబడినా. తాగాలనే పొయినా, నీకు అబద్ధమెందుకు. నా వెనక ఇద్దరు చేరినారు. షట్టర్ కొంచెం లేచింది, లోపల్నించి ట్యూబ్ లైటు, బయట ఎండ. ఆ రెండూ కలిసే గీత నా కాళ్ల మీద పడింది. తియ్యాలనిపించింది. తియ్యాలంటే పక్కకి రావాల. చెప్పులు ఆడనే వదిలి వచ్చినా."

"తర్వాత?"

"తీసినాక చూసుకుంటే నాకే భయమేసింది. రేషన్ లైన్లో చెప్పులు పెట్టి పోతాం చూడు, మళ్లీ వస్తాం చోటు ఉంచండని. అట్టా ఉండాది."

కోరిక పదికి ఎంత అని అడిగాను. ఎనిమిది. ఫొటో తీసేటప్పుడు? "అప్పుడు లేదు. చెప్పులు తెచ్చుకోవాలంటే మళ్లీ లైన్లోకి పోవాల గదా, అప్పుడు లేచింది." ఆయన వెళ్లలేదు. మెట్రో పనుల కోసం తవ్విన ఆర్కాట్ రోడ్డు పక్కన, మధ్యాహ్నం తారు మీద ఇంటిదాకా ఉత్త కాళ్లతో నడిచారు. వాచిన కాళ్లు అవి, చెప్పుల పట్టీ అచ్చు ఇంకా చర్మం మీద ఉంది. నర్సు కట్టు కడుతుంటే నేను తిట్టాను, షరతు గురించి కాదు, కాళ్ల గురించి.

నాలుగు అడ్మిషన్ల ఫైల్లో ఎక్కడా లేని వాక్యం ఆ రోజు ఆయన అన్నారు. ఫ్రేమ్ బయట ఏముంది అని నేను నా మామూలు ప్రశ్న వేశాను. "నేను" అన్నారు. కాసేపాగి, "ఆ లైన్లో నాకు పర్మనెంటు చోటుంది. కాల్‌షీట్ మిస్ కాలేదంటా గదా, అది కూడా ఎప్పుడూ మిస్ కాలా."

రెండోసారి తప్పు

పదకొండో వారం ఫొటోలు చూసి నాకు అనుమానం వచ్చింది. పన్నెండు కాదు, 31 ఉన్నాయి. సగం రాత్రి 2:40, 3:15 అలాంటి టైముల్లో తీసినవి. చాలావాటిలో బల్బు చుట్టూ వెలుతురు చారలు, చెయ్యి వణికినట్టు. కిటికీ ఫొటోల్లో ఆయన టేపు గుర్తుల మీద లేరు, అడుగు పక్కకి జరిగి ఉన్నారు. మొదలుపెట్టారు మళ్లీ, అనుకున్నాను. ఆయన భార్యకి ఫోన్ చేసి, ఏ మాత్రం బాగోలేని గొంతుతో, నోరు వాసన చూశారా అని అడిగాను. చూశాను, లేదు అన్నారు. ఓపీలో ఊదిస్తే సున్నా. అయినా నేను నమ్మలేదు, వచ్చే ముందు కొన్ని గంటలు ఆపి ఉంటారని లెక్కలు వేశాను.

ఆయన నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ అన్నారు: "ఫోన్ కాదమ్మా వణికేది. నా చెయ్యే. పగలంతా నిద్రొస్తా ఉంది."

పగలు నిద్ర, రాత్రి మెలకువ. అది విన్నాక గాని నా బుర్ర వెలగలేదు. డాక్టర్ చేతులు చాచి మణికట్లు పైకెత్తమన్నారు. పక్షి రెక్క కొట్టుకున్నట్టు చేతులు కిందికి పడి లేస్తున్నాయి. హెపాటిక్ ఎన్‌సెఫలోపతి. లివర్ వడకట్టాల్సిన విషాలు మెదడుకి చేరడం. ఆరా తీస్తే, మలబద్ధకం రాకుండా ఇచ్చే లాక్టులోజ్ సిరప్ రెండు వారాలుగా మానేశారు. "రోజుకి మూడు నాలుగుసార్లు పోవాలంటే సెట్టు దగ్గరికి ఎట్టా పొయ్యేది?" పైగా బాక్లోఫెన్, అది ఈ స్థితిని ఇంకా ముదిరేలా చేయగలదు. అది ఆపేశారు, సిరప్ మళ్లీ మొదలుపెట్టారు. ఐదు రోజుల్లో మనిషి తేరుకున్నారు.

రాత్రి మూడింటికి తీసిన ఆ ఫొటోలు రోగ లక్షణాన్ని నా బల్ల మీద పరిచాయి, టైముతో సహా. నేను వాటిలో తాగుడు చూశాను, ఎందుకంటే తాగుడు కోసమే చూశాను. మొదట్లో ఆమె వీడియోని సాక్ష్యంగా వాడినట్టే ఆయన ఫొటోలనీ వాడబోయాను. 1850ల్లో ఇంగ్లండ్‌లో హ్యూ డైమండ్ అనే డాక్టరు సర్రీలోని పిచ్చాసుపత్రిలో ఆడ పేషెంట్లని కూర్చోబెట్టి ఫొటోలు తీసేవాడు. ఆ మొహాల్లో జబ్బు చదవొచ్చనీ, ఫొటో చూపిస్తే పేషెంటుకి కూడా మేలనీ వాదించాడు. డైమండ్‌ని చదివినప్పుడు ఎంత అమాయకుడు అనుకున్నాను.

ఆమె

ఒకరోజు బయట బెంచీ మీద కూర్చుని ఆమె అన్నారు: "ఆయనకి ఫొటోలు, నాకు బిల్లులు."

నిజమే. ఆరు నెలల ఫైల్లో ఆయన ఫొటోల గురించి నేను రాసిన పేజీలు 40. ఆమెతో విడిగా మాట్లాడింది మూడుసార్లు. పొద్దున నాలుగింటికి లేచి పిండి కలిపి, మాత్రలు లెక్కపెట్టి, బండి తోసుకెళ్లే మనిషి ఆవిడ. వీడియో ఎందుకు తీశారని అప్పటిదాకా నేను అడగనేలేదు. "పొద్దునకల్లా ఏమీ జరగలేదంటాడమ్మా. రెండు మూడు సార్లకి నాకే అనుమానం, నిజంగా జరగలేదేమోనని. నాకోసం తీసుకున్నా." ఆయన్ని అవమానించడానికి తీశారనే నేను అనుకుంటూ వచ్చాను. తన మతి తనకి దక్కించుకోవడానికి తీశారు.

రిచర్డ్ బిల్లింగ్‌హామ్ గురించి ఆమెకి చెప్పాను. ఇంగ్లండ్‌లో తాగుడుకి బానిసైన తండ్రిని ఇంట్లోనే ఫొటోలు తీసిన కుర్రాడు, మొదట పెయింటింగులు వేసుకోవడానికని తీశాడు, 1996లో పుస్తకం అయింది. ఆమె అడిగింది ఒక్కటే: "వాళ్లమ్మ ఏం చేసింది?" ఆవిడ కూడా ఫొటోల్లో ఉంది, జిగ్సా పజిల్ ముక్కలు ముందేసుకుని, అన్నాను. "ఆమెకి కూచునే టైముంది మరి."

ఆ తర్వాత నెలకి రెండు సెషన్లు ఆమెకే కేటాయించాను. చాలా ముందే చేయాల్సిన పని.

ఇప్పటికి

వార్డు వరండాలో ఆ ఫొటోలు పెడదామన్నది నా కోరిక. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులనీ తన కిందికే తీసుకుంటుంది. 24వ సెక్షన్ ప్రకారం చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ వివరం గానీ ఆ మనిషి అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదు. మా వరండా మీడియా కాదు, అయినా కాగితం రాసి తీసుకెళ్లాను. ఆయన చదివి, వద్దన్నారు. యూనియన్ వాళ్లు ఎవరైనా అక్కడ చేరితే గుర్తుపడతారు. మొహాలు లేవు కదా బాబాయ్ అన్నాను. "లైటింగ్ చూసి గుర్తుపడతారమ్మా" అన్నారు, కొంచెం గర్వంగానే. కాగితం మడిచి ఫైల్లో పెట్టేశాను.

14 నెలలైంది. ఎనిమిదో నెలలో నాలుగు రోజులు తాగారు, పాత యూనిట్ మనిషి ఒకరు చనిపోయిన రోజు నుంచి. ఐదో రోజు తనే వచ్చి చేరారు. ఆ నాలుగు రోజుల ఫొటోలు లేవు. ఇప్పుడు బిలిరుబిన్ 1.6, ఆల్బుమిన్ 3.2, ఐఎన్‌ఆర్ 1.4, పొట్టలో నీరు కొద్దిగా. చైల్డ్-ప్యూ స్కోరు 7. సిర్రోసిస్ పోలేదు, పోదు. ఎత్తు మీద పని మానేశారు, పడితే రక్తం ఆగదు. ఒక సీరియల్ సెట్లో కుర్రాళ్లకి లైట్లు ఎక్కడ పెట్టాలో చెప్పే పని, వారానికి మూడు రోజులు.

పోయిన నెల ఫోన్ స్టోరేజ్ నిండిపోయింది. ఇద్దరూ ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఖాళీ చేయడం మొదలుపెట్టారట. కిటికీ ఫొటోలు మూడొందలకి పైగా ఉన్నాయి, వాటిలో నెలకొకటి ఉంచి మిగతావి తీసేశారు. పైకి జరుపుకుంటూ పోతే వీడియో వచ్చింది. ఆయన ఫోన్ ఆమె చేతికిచ్చి, "ఇది నువ్వు తీసింది, నువ్వే చూసుకో" అని నీళ్లు తాగడానికి లేచారు. ఆమె చాలాసేపు చూసి, దేన్నీ నొక్కకుండా ఫోన్ పక్కన పెట్టేశారు. సాయంత్రం వడపళనిలో 350 రూపాయలు పెట్టి మెమరీ కార్డు కొనుక్కొచ్చారు.